మచ్చ లేని నొప్పి

టెక్కలి,
20 ఫిబ్రవరి 2004

గౌరవనీయులైన వదినగారికి,

మాధవీలత నమస్కారాలు. దుర్గ ఓణీల వేడుకకి మీరు చేసి తెచ్చిన కొబ్బరి లౌజు ఇంకా డబ్బా అడుగున కొంచెం ఉంది. మీ మేనకోడలు దాన్ని ఎవరికీ పెట్టకుండా దాచుకుంటోంది.

ఆ రోజు వంటపందిట్లో నేను కుర్చీలో కూర్చునుంటే మీరు నలుగురి ముందూ ఒక మాటన్నారు. "మా మరదలు కుర్సీతోటే పుట్టినాది, కుర్సీతోటే కాపరానికొచ్చినాది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కోపంతో రాయడం లేదు వదినా. ఆ మాట నిజమేనేమోనని నాకే అనుమానం వస్తోంది, అందుకని రాస్తున్నాను.

ఏడాదిగా నా ఒళ్ళు నా మాట వినడం లేదు. దువ్వెన ఎత్తితే భుజం, చెంబు ఎత్తితే మణికట్టు. ఎంత పడుకున్నా పడుకోనట్టే ఉంటుంది. కిందటి నెలలో దుర్గ బడినుంచి వచ్చి వెనకనుంచి వాటేసుకుంటే గట్టిగా అరిచాను. అప్పట్నుంచి ఆ పిల్ల నన్ను ముట్టుకోవడం మానేసింది.

విశాఖపట్నం వెళ్ళి రక్తం, ఎక్స్‌రేలు అన్నీ చూపించాం. అన్నీ బాగున్నాయన్నారు. మీ తమ్ముడుగారు ఆ కాగితాలన్నీ నా ముందు పరిచి, "ఇంకేం కావాలి నీకు? ఇంక నాటకం చాలు" అన్నారు. చివరికి ఒక పెద్ద డాక్టరు గారు మాత్రం ఇది నిజమైన జబ్బేనని, దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారని చెప్పారు. ఒళ్ళంతా నొప్పి ఉంటుందట, ఏ పరీక్షలోనూ కనపడదట. మాత్రలిచ్చారు. రోజూ కొంచెం కొంచెం నడవమన్నారు. ఇంట్లో ఆడవాళ్ళెవరైనా ఒళ్ళు పడితే చాలా మేలన్నారు. "ఎవరున్నారు?" అని అడిగారు. జవాబు చెప్పడానికి సిగ్గేసింది.

జూన్‌లో బడి తెరిచేలోగా నా చెయ్యి నల్లబల్ల మీదికి లేవకపోతే ఉద్యోగానికి రాజీనామా రాసెయ్యమంటున్నారు మీ తమ్ముడుగారు. ఆ బల్ల, ఆ సుద్దముక్క తప్ప నాదంటూ ఇంకేమీ లేదు.

దుర్గ పుట్టినప్పుడు నాకు నూనె రాసి నీళ్ళు పోసింది మీరే. ఆ చేతులు నాకు గుర్తున్నాయి. అడగడానికి మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను.

మీ మరదలు,
మాధవీలత


పూండి పోస్టు,
6 మార్చి 2004

చిరంజీవి మరదలు మాధవికి,

వదిన రత్నాలమ్మ దీవించి రాయడం. నీ ఉత్తరం కూడబలుక్కుని చదివాను. నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి నాకు పెద్ద కష్టం లేదు. నేను చదువుకున్నది బళ్ళో కాదని నీకు తెలుసు. షావుకారు బెల్లమూ చింతపండూ కట్టిచ్చిన పేపరు ముక్కలే నా పుస్తకాలు. అందుకే నేను చదివిన కథలన్నీ మధ్యలో చిరిగిపోయి ఉంటాయి. చివర్లు నేనే కల్పించుకునేదాన్ని. నాకీ అబద్ధాలాడే అలవాటు అలా వచ్చిందంటాడు మీ అన్నయ్య. పేపరు భాషలో ఉత్తరాలు రాస్తానని కూడా వెక్కిరిస్తాడు. ఆయన వేలిముద్ర వేసే మనిషి, ఆయన వెక్కిరింపుకి నేనేం బాధపడను.

ఎక్కడున్నాను? నీ జబ్బు దగ్గర. దాని పేరు మన అరుగు మీద అందరికీ చదివి వినిపించాను. పక్కింటి దాలమ్మ బుగ్గ నొక్కుకుని, "ఓలమ్మ! పేరే ఇంత బరువుంటే నొప్పెంతుంతాదో!" అంది. ఒకటే నవ్వులు.

ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకు. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో అక్షరమ్ముక్క రాని ముసలమ్మ కూడా క్రియాటినిన్ అంటుంది. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళకన్నా ముందు కిడ్నీ కాగితాలే చూపిస్తారు. మీ అన్నయ్యది కిందటిసారికన్నా పెరిగింది. ఆయన ఆ కాగితం మడిచి చూరులో దోపి తోటకెళ్ళిపోయాడు. కాగితం బాగుందని చెబితే ఇక్కడివాళ్ళు కొబ్బరికాయ కొడతారు. నీ కాగితాలన్నీ బాగుంటే నువ్వు ఏడుస్తున్నావు. కుర్చీ మాట సరదాకి అన్నాను. ఆ మాత్రం సరదా వదినా మరదళ్ళ మధ్య లేకపోతే ఇంకెవరి మధ్య ఉంటుంది?

సరే, వస్తాను. ఒళ్ళు పట్టడం నాకు చెప్పాలా? సముద్రం మీదికి వేటకెళ్ళొచ్చిన వాళ్ళకి వాళ్ళ ఆడవాళ్ళు ఎలా పడతారో ఒడ్డున నిలబడి చూసి నేర్చుకున్నాను. ఒళ్ళు పట్టించుకునే మనిషి అబ్బా అనాలి. అనకపోతే నొప్పి లోపలే కూర్చుందన్నమాట. నీ చేత అబ్బా అనిపించే పూచీ నాది. తోటలో జీడిపిక్కలు లేతగా ఉన్నాయి. నీకు లేతపప్పు కూరంటే ఇష్టం కదా, గంపెడు కోసుకుని తెస్తాను.

వదిన,
రత్నాలమ్మ


టెక్కలి,
9 ఏప్రిల్ 2004

గౌరవనీయులైన వదినగారికి,

మీరు క్షేమంగా చేరారని తలుస్తాను. లేత జీడిపప్పు కూర చాలా బాగుందని మీ తమ్ముడుగారు ఇప్పటికీ అంటున్నారు. మీరు వచ్చినందుకు ఎంతో సంతోషం. నా గురించి బెంగపడకండి. రెండు రోజులు బడికి సెలవు పెట్టాను, అంతే. ఇక్కడ ఎండలు ముదిరాయి. దుర్గ పరీక్షలు బాగా రాస్తోంది.

మీ మరదలు,
మాధవీలత


పూండి పోస్టు,
16 ఏప్రిల్ 2004

చిరంజీవి మాధవికి,

ఇంత పొట్టి ఉత్తరం రాశావంటే చేతికి పని బాగా తగిలిందన్నమాట, సంతోషం. తిరుగు ప్రయాణం కబురు చెప్పాలి నీకు. నౌపడలో పాసింజరెక్కితే నా ఎదురుగా ఒకావిడ మెడ పట్టేసి వంకరగా కూర్చుంది. "ఇలగ తిరుగమ్మా" అనీసి అక్కడే పట్టాను. నొప్పి దిగిన హాయికి నిద్దరోయింది. నేను పూండిలో దిగిపోయాను. ఆవిడా పూండిలోనే దిగాల్సిందట! పలాసలో టీసీ లేపితే లేచిందని తరవాత వాళ్ళ బంధువులు చెప్పారు. మీ అన్నయ్య నమ్మలేదు. "ఈ కత సివర కూడా నువ్వే సేసినావేటి?" అన్నాడు. సగం నేనే చేశాననుకో.

నీ సంగతి మన అరుగు మీద చెప్పని రోజు లేదు. డాక్టర్లకి దొరకని జబ్బు రత్నాలమ్మ బొటనవేలికి దొరికిందని అంటున్నారు. నీ వీపు మీద నేను మోచెయ్యి ఆనించినప్పుడు నువ్వు దిండు కొరుక్కుని పడుకున్నావు చూడు, ఆ ముచ్చట చెప్పి అందరినీ నవ్వించాను. దాలమ్మ తన మోకాళ్ళు కూడా చూడమని వెంటపడుతోంది.

ఒక్కసారితో ఆపకూడదు. ఈ నెలాఖరుకి మళ్ళీ వస్తాను. మిగిలిన పిక్కలు కూడా కోసి తెస్తాను. ఈసారి ఇంకా గట్టిగా పడితే జూన్ నాటికి నల్లబల్ల ఏం ఖర్మ, కొబ్బరిచెట్టే ఎక్కుతావు.

వదిన,
రత్నాలమ్మ


టెక్కలి,
22 ఏప్రిల్ 2004

వదినగారికి,

మీరు మళ్ళీ వస్తానని రాయకపోతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. దయచేసి రాకండి.

దిండు కొరుక్కున్నది నవ్వొచ్చి కాదు, అరుపు ఆపుకోవడానికి. అరిస్తే మళ్ళీ కుర్చీ మాట లాంటిదేదో అంటారేమోనని. మీరు వెళ్ళిన మర్నాడు మంచం దిగలేకపోయాను. మెల్లగా పట్టాలని డాక్టరు గారు అన్న మాట మీతో చెప్పాను. చెప్పిన గొంతు నాకే వినపడనంత చిన్నగా చెప్పాను. ఆ తప్పు నాది.

అది ఒకెత్తు. మూడో రోజుకి వీపంతా బొబ్బలు లేచాయి. మెడ కింద మీ నాలుగు వేళ్ళూ ఎక్కడ ఆనాయో అక్కడ వేళ్ళ వరసలోనే లేచాయి. ఆ ఉదయమంతా మీరు వసారాలో కూర్చుని నా కోసం లేతపిక్కలు ఒలిచారు. సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నారు కూడా, నేను చూశాను. తరవాత కొబ్బరినూనె పోసుకుని నా ఒళ్ళు పట్టారు. పిక్కల తొక్కలోని ఒళ్ళు కాల్చే జీడి మీ గోళ్ళలోనుంచి నూనెలోకి, నూనెలోంచి నా ఒంటిలోకి దిగింది. మీ చేతులు మొద్దుబారిపోయాయి కాబట్టి మీకు తెలియలేదు. మీరు ప్రేమతో చేశారని నాకు తెలుసు.

ఇప్పుడు రాసేది మీతో కాకపోతే ఎవరితోనూ చెప్పుకోలేను. నేను బడికి వెళ్ళిన రోజు సింహాచలమ్మ టీచరు నా జాకెట్టు వెనక బొబ్బలు చూసింది. "ఏటి మాధవీ ఇది? ఎవరు సేసినారు?" అంది. నేను మాట్లాడలేదు. ఆవిడ నా మొహంలోకి చూసి, "మీ ఆయనా?" అని మెల్లగా అడిగింది. అప్పుడూ మాట్లాడలేదు. కాదని ఒక్క మాట అంటే సరిపోయేది.

ఎందుకు అనలేదో తెలుసా వదినా? స్టాఫ్‌రూములో వాళ్ళందరూ లేచి నాకు కుర్చీ వేశారు. ఏడాదిగా ఒళ్ళు నొప్పులంటే పక్కకి తిరిగి నవ్వుకున్న మనుషులు ఆ రోజు నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చారు. నొప్పికి మచ్చ లేనన్నాళ్ళూ ఎవరూ నమ్మలేదు. మచ్చ కనపడగానే నమ్మారు, అదీ వేరే నొప్పిని. ఆ కుర్చీలో కూర్చున్నాను. మీ తమ్ముడుగారిని భార్యని కొట్టేవాడిని చేసి, ఆ కుర్చీలో హాయిగా కూర్చున్నాను.

ఆ రోజు సాయంత్రం ఆయనే నా బొబ్బలకి వెన్న రాశారు. ఆయన మొహం చూడలేకపోయాను.

మాధవీలత


పూండి పోస్టు,
14 మే 2004

మాధవికి,

ఈ ఉత్తరం రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఇందులో కతలు లేవు.

జీడి సబ్బుకి పోదు, నూనెకి కదులుతుంది. ఈ సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే పిక్కల కాలంలో పురిటింటికి మనిషిని పిలవాలంటే ముందు అరచేతులు చూపించమంటాం. పిక్క ముట్టిన ఆడదాన్ని పసిపిల్లకి నూనె రాయనివ్వం, అది సొంత నాయనమ్మ అయినా సరే. నేను ఎంతమంది చేతులు తిప్పి చూసి గుమ్మంలోంచి పంపేశానో! అదంతా తెలిసిన మనిషినే నేను. నువ్వు పసిపిల్లవి కాదు కదా అనుకున్నాను. నీకు నొప్పంటే నాలాంటి నొప్పే అనుకున్నాను. నిజం చెప్పాలంటే నొప్పే లేదనుకున్నాను. లేని నొప్పికి చేతులు చూసుకోవడం ఎందుకు అనుకున్నానేమో.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. ఆయన చుట్ట పక్కన పెట్టి విన్నాడు. "రత్నాలూ, నాకేటీ నొప్పినేదు కదే. నా కాయితం సెడ్డది. ఆ పిల్ల కాయితం మంచిది, దానికి ఒళ్ళంతా నొప్పి. కాయితానికేటి తెలుస్తాదే?" అన్నాడు. వేలిముద్ర వేసే మనిషి. నేను లేచి దొడ్లోకి వెళ్ళిపోయాను.

దాలమ్మ మళ్ళీ మోకాళ్ళు పట్టుకుని వచ్చింది. నాకు ఒళ్ళు పట్టడం రాదని చెప్పేశాను. "మీ మరదలికి నయం సేసీసినావు, మేం పనికిరామేటి?" అని నిష్ఠూరమాడింది. నయం చెయ్యలేదు, కాల్చాను అన్నాను. నేను ఆ అరుగు ఎక్కడం మానేశాను. దిండు ముచ్చట చెప్పి నవ్వించాను చూడు, అది తలుచుకుని దిండు లేకుండానే పడుకుంటున్నాను.

పిక్కలు ముట్టడం కూడా మానేశాను. చెట్ల కింద రాలి పడి ఉన్నాయి. రత్నాలమ్మకి గర్వం ఎక్కిందని ఊళ్ళో అంటున్నారు. అననీ.

మళ్ళీ వస్తానని నేను అడగను. ఒక్క మాట. బళ్ళో వాళ్ళు వేసిన ఆ కుర్చీ ఓణీల నాడు నేను వెయ్యాల్సింది. నేను వేసుంటే నువ్వు బళ్ళో ఆ కుర్చీలో కూర్చునేదానివి కాదు.

రత్నాలమ్మ


టెక్కలి,
24 మే 2004

వదినగారికి,

మీ తమ్ముడుగారికి అంతా చెప్పేశాను. బొబ్బలెలా వచ్చాయో ఆయనకి ముందే అర్థమైందట, పిక్కల ఊళ్ళో పుట్టినవారు కదా. బజార్లో సింహాచలమ్మ టీచరు ఆయన్ని చూసి మొహం తిప్పుకున్నది మాత్రం ఎందుకో ఇప్పుడు తెలిసిందన్నారు. "నేను నాటకమన్నాను. నువ్వు కాదనలేదు. చెల్లుకి చెల్లు" అన్నారు. నవ్వలేదు. బళ్ళో వాళ్ళకి మాత్రం నేనే చెప్పాలన్నారు. చెబుతాను.

బడి తెరవడానికి ఇంక ఎన్నాళ్ళో లేదు. చెయ్యి ఇంకా భుజం దాటి లేవడం లేదు.

మీరు రండి వదినా. పిక్కలు తేకండి. ఎంత మెల్లగా పట్టాలో నేను చెబుతాను, చాలంటే ఆపాలి. ఈసారి గట్టిగా చెబుతాను.

మాధవీలత


పూండి పోస్టు,
8 జూన్ 2004

చిరంజీవి మాధవికి,

నిన్న నీకు ఒక అబద్ధం చెప్పి రైలెక్కాను. అది దింపుకుందామని రాస్తున్నాను.

పిక్కలు మానేశాక నా అరచేతులు పొరలు పొరలుగా ఊడాయి. ఏటా ఊడేవే, కానీ ఏ యేడైనా ఒక్క పొర లేచేలోపే మళ్ళీ పనిలో పడి నల్లబడిపోయేవి. ఈసారి ఊడనిచ్చాను. గోళ్ళ చుట్టూ, గీతల్లో ఉన్న నలుపంతా పోయింది. లోపల్నుంచి ఎర్రటి లేత తోలొచ్చింది. పెళ్ళప్పుడు కూడా నా చేతులు అంత బాగా లేవు. నీ ఇంటికొచ్చి గుమ్మంలో నీకు చూపించింది అందుకే. పురిటింటి వాళ్ళు చూసినట్టు నువ్వు నా చేతులు తిప్పి చూశావు. ఆ చూపుకి తల దించుకున్నాను. న్యాయమే.

నువ్వు పడుకున్నాక నీ భుజం మీద చెయ్యి వేశాను. నువ్వు ఉలిక్కిపడ్డావు. నేనూ ఉలిక్కిపడ్డాను, నువ్వు చూడలేదు. ఆ తోలుకి నూనె తగిలితే మంట, నీ జాకెట్టు అంచు తగిలితే మంట. ఈకతో రాసినట్టు రాశాను. నీమీద దయతో అనుకున్నావు. కాదు, అంతకన్నా ఆనించలేక. కాసేపటికి నువ్వే, "హాయిగా ఉంది వదినా, ఇంకొంచెం గట్టిగా పరవాలేదు" అన్నావు. ఆ మాట కోసమే నేను వచ్చాను. తీరా నువ్వు ఆ మాటంటే నా వల్ల కాలేదు.

చెప్పడానికి సిగ్గేసింది మాధవీ. చేతులు చూస్తే బొబ్బ లేదు, గీత లేదు, చక్కటి చేతులు. మండుతున్నాయంటే ఎవరు నమ్ముతారు? రత్నాలమ్మ పనికి బద్ధకించిందంటావేమోనని భయమేసింది. అందుకని నడుం పట్టేసిందని అబద్ధమాడి లేచి, దుర్గని పిలిచాను.

ఆ పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది. "అత్తా, అమ్మని ముట్టుకుంతే అరుస్తాది" అంది. "అరిత్తే ఆపు. అంతే పని. దీనికి సదువక్కర్నేదు" అన్నాను. అది భయంభయంగా నీ భుజం మీద చెయ్యి పెట్టింది. నువ్వు అరవలేదు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను, చేతులు చన్నీళ్ళలో పెట్టుకుందామని. లోపల్నుంచి వింటున్నాను. "ఇక్కడా అమ్మా?" "కొంచెం కింద." "ఇలాగేనా?" "ఇలాగే."

తరవాతేం జరిగిందో నాకు తెలియదు, రైలు టైమైంది. బడి తెరిచాక చెయ్యి ఎక్కడిదాకా లేచిందో రాయి. ఈ కత చివర నేను కల్పించుకోను.

వదిన,
రత్నాలమ్మ


టెక్కలి,
16 జూన్ 2004

వదినగారికి,

చెయ్యి నల్లబల్ల సగందాకా లేచింది. తేదీ పైన కాకుండా ఆ సగంలోనే రాశాను. వెనక వరసల పిల్లలకి కనపడలేదు. వాళ్ళే లేచి వచ్చి ముందు నేల మీద కూర్చున్నారు. రాజీనామా మాట మీ తమ్ముడుగారు ఎత్తలేదు. దుర్గ రోజూ బడికి ముందు భుజాలు పడుతోంది.

స్టాఫ్‌రూములో చెప్పాను. మావారు కాదు, జీడి అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. సింహాచలమ్మ టీచరు నవ్వలేదు. నా జబ్బు పేరు మళ్ళీ చెప్పాను. ఎవరూ కుర్చీ వెయ్యలేదు. గోడ పక్కన ఉన్నది నేనే లాక్కుని కూర్చున్నాను.

మీ చేతులు మండుతున్నాయని రాశారు. నమ్మాను. నూనె తగలనివ్వకండి, వెన్న రాయండి.

మాధవీలత